పిలిచి చూపించడమా, రాసి అడగడమా: కోడ్ దగ్గర ఇరుక్కుంటే ఏది మేలు?

"అన్నా, జర ఒక్కసారి చూస్తరా?" మాదాపూర్‌లోని మా ఆఫీసులో రోజుకు నాలుగైదుసార్లు వినిపించే మాట ఇది. లేచి వెళ్లి, కుర్చీ వెనక నిలబడి, స్క్రీన్ చూసి, "ఈ లైను తీసెయ్" అని చెప్పి వచ్చేస్తాం. అమీర్‌పేట కోచింగ్ రోజుల నుంచీ మాకు పక్క కుర్చీవాడే మొదటి గురువు. అందుకే ఈ పద్ధతిని తక్కువ చేసి మాట్లాడను. కానీ పన్నెండేళ్ల ఉద్యోగం తర్వాత నా మొగ్గు రెండోవైపుకే: ముందు రాయాలి, తర్వాత అడగాలి.

పిలిచి చూపించడం ఎక్కడ గెలుస్తుందో ముందు చెబుతాను. కొత్తగా చేరిన ఒకమ్మాయి రెండు రోజులుగా ఒక రిపోర్టుతో తంటాలు పడుతోంది. ఏ రోజు ఆర్డర్ల లెక్కా ఎక్సెల్‌తో కలవడం లేదు. పిలిస్తే వెళ్లాను. నేనడిగింది ఒక్కటే: "తేడా వచ్చినవి ఏ టైములో పడ్డాయమ్మా?" చూస్తే అన్నీ అర్ధరాత్రి దాటాక, తెల్లవారి 5:30 లోపు పడ్డవే. సర్వర్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో నడుస్తోంది, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. మనకు 14వ తేదీ తెల్లవారి 4:50 అయితే, దానికి ఇంకా 13వ తేదీ రాత్రి 11:20. పది నిమిషాల్లో తేలిపోయింది. అదే రాయమని ఉంటే "రిపోర్టు తప్పొస్తోంది" అని తప్ప ఇంకేం రాసేది? తనకేం తెలియదో కూడా తెలియని దశలో పక్కన మనిషి కూర్చోవాల్సిందే. ఇందులో నాకు రెండో మాట లేదు.

అయితే మూడు వారాలు తిరక్కుండానే పక్క టీమ్ అబ్బాయి అదే చిక్కుతో వచ్చాడు. అప్పటికే ఒకటిన్నర రోజు పోగొట్టుకున్నాడు. మేం కనుక్కున్న జవాబు మా రెండు కుర్చీల మధ్యే ఉండిపోయింది మరి.

ఇక రాయడం సంగతి. మా టీమ్‌లోనే ఇంకొకతనికి డేటాబేస్‌లో తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా వస్తున్నాయి. ఫాంట్ లోపమనుకుని ఒక పూటంతా ఫాంట్లు మార్చాడు. పిలవబోతుంటే, "ముందు రాసి పెట్టు, వస్తాను" అన్నాను. ఏం ఎక్కించాడు, ఏం వచ్చింది, టేబుల్ ఎలా తయారైంది, ఏమేం ప్రయత్నించాడు అని వరసగా రాయసాగాడు. "లక్ష్మి అని ఎక్కిస్తే ఏడు ప్రశ్నార్థకాలు వస్తున్నాయి" అని రాసిన దగ్గర చెయ్యి ఆగింది. కంటికి రెండక్షరాలే కదా, ఏడెందుకు? ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూనికోడ్‌లో, అంటే ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు ఇచ్చే పద్ధతిలో, లెక్క సరిగ్గా ఏడు. అంటే పేరు సర్వర్ దాకా సరిగ్గానే వెళ్లింది, లోపల పెట్టేచోట పాడైంది. టేబుల్ వివరం అతికించబోతే అందులోనే కనబడింది: ఆ కాలమ్ లాటిన్1, అంటే ఇంగ్లీషులాంటి యూరప్ భాషల అక్షరాలే పట్టే పద్ధతి. అది పాత మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పట్టని డేటా వస్తే ఎర్రర్ ఇచ్చి ఆపే స్ట్రిక్ట్ మోడ్ లేదు. లాటిన్1లో తెలుగుకు చోటు లేదు కాబట్టి ఒక్కో గుర్తు బదులు ఒక్కో ప్రశ్నార్థకం పెట్టేసింది. కాలమ్‌ను తెలుగు కూడా పట్టే యూటీఎఫ్8ఎంబీ4కి మార్చినా పోయిన పేర్లు తిరిగి రావు, అసలు ఫైలు నుంచి మళ్లీ ఎక్కించాల్సిందే. నేను సీట్లోంచి లేవకముందే అతని పని అయిపోయింది. రాసేటప్పుడు మనకు మనమే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది, అసలు బలం అక్కడే ఉంది.

వాట్సాప్ గ్రూపులో ఫోన్‌తో స్క్రీన్ ఫొటో తీసి పెట్టడం ఈ రెంటికీ చెడ్డది. ఎర్రర్ లైను సగం తెగిపోతుంది, కాపీ చేసి వెతకడానికి వీలుండదు. ఒకసారి అలాంటి ఫొటోలో డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా కనబడింది. దయచేసి ఆ అలవాటు మానండి.

చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లో వచ్చాక చాలామంది మనుషుల్ని అడగడమే తగ్గించారు. ఎర్రర్ అర్థం తెలుసుకోవడానికి అది బాగా పనికొస్తుంది, నేనూ రోజూ వాడతాను. కానీ పోయిన గురువారం మన సర్వర్లో ఎవరు ఏం మార్చారో దానికి తెలియదు. పైగా అక్కడ దొరికిన జవాబు అడిగినవాళ్ల చాట్‌లోనే ఉండిపోతుంది. పక్క సీటువాళ్లు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టాలి.

రాత్రి రెండింటికి సైటు పడిపోతే మాత్రం రాస్తూ కూర్చోకండి, ఫోన్ చేసి లేపండి. రాత పొద్దున చూసుకోవచ్చు.

ఇంత చెప్పినా పిల్లలు రాయరు. కారణం బద్ధకం కాదని నాకు అర్థమవడానికి చాలా కాలం పట్టింది. ఇంగ్లీషు భయం. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు వందమంది ఉన్న ఆఫీసు చాట్ చానెల్లో ఒక వాక్యం పెట్టాలంటే గుండె దడ. పిలిస్తే తెలుగులో గడిచిపోతుంది. అందుకే మా టీమ్ చానెల్లో తెలుగులో రాయమన్నాం. ఎర్రర్ లైను ఉన్నదున్నట్టు అతికిస్తే చాలు, మిగతాది నోటికొచ్చినట్టు రాయొచ్చు. తెలుగు రానివాళ్లు అడిగితే మాలో ఎవరో ఒకరం ఇంగ్లీషులో చెబుతాం.

ఆ రిపోర్టు అమ్మాయి మొదటగా పెట్టింది ఇది: "రోజు లెక్క కలుస్తలేదు. తేడా వచ్చినవన్నీ పొద్దున 5:30 లోపలివే. సర్వర్ టైమ్ యూటీసీ. తేదీ తీసే ముందే మన టైముకు మార్చాలె." ఆ తర్వాత ఇదే చిక్కులో పడ్డ ఇద్దరు నన్ను పిలవలేదు. చానెల్లో వెతికి, ఆమెకు థాంక్స్ చెప్పి, పని చూసుకున్నారు.