మాట తప్పని అబద్ధాలకోరు: ‘హకల్‌బెరీ ఫిన్’ పేపర్‌బ్యాక్ సమీక్ష

మార్క్ ట్వేన్ నవల ‘అడ్వెంచర్స్ ఆఫ్ హకల్‌బెరీ ఫిన్’ బ్రిటన్‌లో 1884 చివర, అమెరికాలో 1885లో వెలువడింది. ఇటీవల నేను కొన్నది పూర్తి మూలపాఠంతో, తొలి ముద్రణకు కెంబుల్ గీసిన బొమ్మలతో వచ్చిన పేపర్‌బ్యాక్. ఈ కథలో నిజాయితీ ఎవరిదన్న ప్రశ్న మనసులో పెట్టుకుని దీన్ని మూడోసారి చదివాను.

కథ చెప్పే హక్ పదమూడు, పద్నాలుగేళ్ల కుర్రవాడు. తాగుబోతు తండ్రి నుంచి పారిపోయి, బానిసత్వం నుంచి తప్పించుకున్న జిమ్‌తో కలిసి మిసిసిపీ నది మీద తెప్పలో సాగుతూ, ఊరికో పేరు, మనిషికో కథ అల్లుతాడు. అయినా ఈ పుస్తకంలో అందరికంటే నిజాయితీపరుడు అతడేనని నా గట్టి నమ్మకం. పెద్దమనుషుల సంగతి చూడండి: ప్రార్థనలు చేయించే మిస్ వాట్సన్ జిమ్ యజమానురాలు; అతణ్ణి దక్షిణాదికి అమ్మనని చెప్పి కూడా, ఎనిమిది వందల డాలర్లు వస్తాయనేసరికి మెత్తబడుతుంది.

15వ అధ్యాయం దగ్గర మాత్రం నిదానంగా చదవాలి. పొగమంచులో తప్పిపోయి తిరిగొచ్చిన హక్, జరిగిందంతా నీ కలేనని జిమ్‌ను నమ్మిస్తాడు. ఆ తరువాత తెప్ప మీద పడివున్న ఆకులనూ, చెత్తనూ, విరిగిన తెడ్డునూ చూపించి, మరి ఇవేమిటని అడుగుతాడు. నీ కోసం గుండె పగిలేలా ఏడ్చాననీ, స్నేహితుణ్ణి సిగ్గుపడేలా చేసేవాళ్లే ఈ చెత్త అనీ చెప్పి జిమ్ లేచి వెళ్లిపోతాడు. పదిహేను నిమిషాలు తనతో తాను పెనుగులాడి, హక్ వెళ్లి క్షమాపణ అడుగుతాడు. ఆ మరుసటి అధ్యాయంలోనే, పారిపోయిన బానిసలను వెతుకుతూ వచ్చిన ఇద్దరితో, తెప్ప మీద మశూచి ఉందని వాళ్లే అనుకునేలా మాట్లాడి జిమ్‌ను కాపాడతాడు. ప్రాణం కాపాడేందుకు బొంకవచ్చునని మన భాగవతంలో శుక్రాచార్యుడు బలికి చెప్పిన మాట నాకు ఇక్కడ గుర్తుకొచ్చింది. అయితే హక్‌కు ఆ ధైర్యం చెప్పే గురువు లేడు. తాను చేసింది పాపమేనని అతడు నిజంగా నమ్ముతాడు. జిమ్ జాడ తెలుపుతూ మిస్ వాట్సన్‌కు తానే రాసిన ఉత్తరాన్ని 31వ అధ్యాయంలో చించివేసినప్పుడు కూడా, నరకానికి సిద్ధపడే చించుతాడు. స్వర్గం కోసం మంచి చేసేవారికంటే ఈ కుర్రవాడు నా దృష్టిలో ఎంతో ఎత్తున నిలిచాడు.

చివరి పది అధ్యాయాలు నన్ను నొప్పించాయి. పట్టుబడిన జిమ్‌కు మిస్ వాట్సన్ వీలునామాలో అప్పటికే స్వేచ్ఛ దక్కిందని తెలిసి కూడా, తన సాహసాల సరదా కోసం ఆ మాట దాచి, అతణ్ణి గొలుసులతో కట్టుబడి ఉండనిచ్చిన హక్ స్నేహితుడు టామ్ సాయర్‌ను ఊరంతా మంచి ఇంటి బిడ్డగా చూస్తుంది. హక్ అతడి వెనుక నడవడం రచయిత చేసిన పొరపాటేనని నా అభిప్రాయం.

ఈ ముద్రణ విషయానికొస్తే, కాగితం మందంగా ఉంది, బొమ్మలు స్పష్టంగా వచ్చాయి, అక్షరాలు మాత్రం మరీ చిన్నవి. మాండలిక పదాల వివరణలు పుస్తకం చివర ఇవ్వడంతో మాటిమాటికీ పేజీలు తిప్పవలసి వచ్చింది. నల్లవారిని అవమానించే మాట మూలంలో రెండు వందలసార్లకు పైగా వస్తుంది; దాన్ని తీసి ‘బానిస’ అని మార్చిన ముద్రణ ఒకటి 2011లో వచ్చింది. మార్చని పాఠాన్నే కొనమంటాను. ఆ మాటను నోటి నిండా పలికే సమాజంలోనే హక్ పెరిగాడని తెలియకపోతే, చిరిగిన ఆ ఉత్తరం విలువ పాఠకుడికి అందదు. పిల్లలకు ఇచ్చేవారు మాత్రం పక్కన కూర్చుని చదివించండి.