గేటు ఖరీదు 2,500 డాలర్లు: మీకర్ దగ్గర ప్రైవేటు రాంచ్‌లో ఎల్క్ వేట

ఐదు నక్షత్రాలకు మూడు ఇస్తున్నాను. అయినా డబ్బు వెనక్కి ఇమ్మని అడగలేదు. ఈ రెండు మాటలకూ పొత్తు ఎలా కుదిరిందో చెప్పాలంటే కాస్త వివరంగా రాయాలి.

కొలరాడో వాయవ్య మూలన మీకర్ అనే చిన్న ఊరుంది. డెన్వర్ నుంచి కారులో నాలుగు గంటలు. ఆ ఊరికి అరగంట దూరంలో ఒక పశువుల రాంచ్ యజమాని, రెండో రైఫిల్ సీజన్‌లో (తుపాకీ వేటకు రాష్ట్రం కేటాయించే విడతల్లో రెండోది) మనిషికి 2,500 డాలర్లు తీసుకుని ఎల్క్ అనే పెద్ద జాతి జింక వేటకు తన భూమిలోకి రానిస్తాడు. రాంచ్ పేరు రాయడం లేదు. ఆయనతో నాకు పేచీ ఆయన ప్రకటనలోని ఒకే ఒక వాక్యం దగ్గర. ఆ వాక్యం ఆ చుట్టుపక్కల మరికొందరి ప్రకటనల్లోనూ చూశాను. ఒక్కరి పేరు పెట్టడం న్యాయం కాదు.

ముందుగా ఈ డబ్బు దేనికో తెలియాలి. అమెరికాలో అడవి జంతువు రాష్ట్రానిది, భూమి రైతుది. ఎల్క్‌ను వేటాడే హక్కు రాష్ట్రం ఇచ్చే లైసెన్సులో ఉంటుంది. కొలరాడో నివాసికి అది అరవై చిల్లర డాలర్లు. దాన్ని జేబులో పెట్టుకుని, అది చెల్లే యూనిట్లలో (రాష్ట్రం గీసిన వేట ప్రాంతాలు) జాతీయ అటవీ భూమిలో ఎక్కడైనా తిరగవచ్చు. ప్రైవేటు భూమిలో మాత్రం యజమాని అనుమతి లేకుండా అడుగు పెడితే నేరం. కంచె లేకపోయినా, ‘ప్రవేశం లేదు’ అన్న బోర్డు లేకపోయినా నేరమే. అంటే రాంచ్ యజమాని మనకు అమ్మేది ఎల్క్ కాదు, గేటు. ఆయన ఒప్పంద పత్రంలో మొదటి పేరాలోనే ఈ సంగతి రాసి ఉంది, దానికి మెచ్చుకోవాలి. జంతువు కనబడకపోయినా రుసుము తిరిగి రాదు, జారిపడి కాలు విరిగినా ఆయన బాధ్యత లేదు, మద్యం తాగి తుపాకీ ముట్టుకుంటే ఆ క్షణమే బయటికి. అన్నీ సూటిగా ఉన్నాయి, సంతకం పెట్టాను.

గైడు ఉండడు. డబ్బు తీసుకుని వేటగాడిని వెంట తిప్పేవాళ్లు రాష్ట్రంలో అవుట్‌ఫిట్టర్‌గా నమోదు చేయించుకోవాలి, బాండు కట్టాలి, బీమా ఉండాలి. ఈయన ఆ జోలికి పోలేదు. గేటు తాళం నంబరు, ఒక కాగితం మ్యాపు, పనివాళ్లు ఒకప్పుడు ఉన్న గది, అందులో కట్టెల పొయ్యి, వేటాడిన జంతువును వేలాడదీయడానికి రెండు స్తంభాల మీద ఒక దూలం. ఇంతే. గది శుభ్రంగా ఉంది. పరుపులు మాత్రం నా కంటే పెద్దవై ఉంటాయి, వయసులో.

ఇదే పనికి నాకు దొరికిన ధరలు 1,500 నుంచి 5,000 దాకా ఉన్నాయి. గైడు, భోజనం కలిపితే 8,000 దాటాయి. కాబట్టి 2,500 మధ్యస్థం.

ఉచితంగా అడవి ఉండగా ఎందుకు కట్టాలి? నేను కూడా చాలాకాలం ఈ ప్రశ్నే వేసి, వైట్ రివర్ జాతీయ అడవిలోనే తిరిగాను. రెండో సీజన్‌లో మగ ఎల్క్ లైసెన్సు చాలా యూనిట్లలో లాటరీ లేకుండా దుకాణంలోనే దొరుకుతుంది. దొరికేది నాకొక్కడికే కాదు కదా. తెల్లవారేసరికి ప్రతి గుట్ట మీదా ఒక నారింజ రంగు చొక్కా. చట్టమే కనీసం 500 చదరపు అంగుళాల నారింజ గానీ గులాబీ గానీ వేసుకోమంటుంది, అందుకే జనం ఎందరో లెక్కపెట్టుకోవడం సులువు. ఎల్క్‌కు ఈ సందడి ఒక్క పూటలో అర్థమవుతుంది. ఫ్లాట్ టాప్స్ కొండల మీద నుంచి మందలు దిగి, నీటి పారుదల ఉన్న ప్రైవేటు గడ్డిచేలలోకి చేరతాయి. తుపాకీ మోత లేదు, అల్ఫాల్ఫా మేతగడ్డి పచ్చగా ఉంది, రాత్రికి నీళ్లున్నాయి. ఇంకేం కావాలి?

యజమాని నిజంగా అమ్ముతున్నది ఈ ప్రశాంతతనే. అందులో మాట తప్పలేదు. సీజన్ మొత్తానికి ఆరుగురికి మించి రానివ్వనన్నాడు, రానివ్వలేదు. ఎవరు ఏ పక్క వెళ్తున్నారో ముందురోజు రాత్రి గదిలో గోడ మీది మ్యాపుకు గుండుసూదులు గుచ్చాలి. మరొకరి సూది ఉన్న లోయలోకి వెళ్లకూడదు. ఇంత చిన్న ఏర్పాటు ఎంత పని చేస్తుందో అక్కడే చూశాను. మూడు సూదులు నాలుగో సూది గురించి కాసేపు వాదించుకున్నా, తెల్లారేసరికి ఎవరి దారి వారిది.

ఒక ఉదయం మాట చెప్పాలి. సూర్యోదయానికి అరగంట ముందు నుంచే కాల్చడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఆ వెలుగులో కొమ్ములు కనబడవు. గడ్డిచేను అంచున ఓక్ పొదల్లో బోర్లా పడుకుని ఉన్నాను. ముందు వినిపించింది చప్పుడు: ముళ్లకంచె తీగ మీద గిట్ట తగిలినప్పుడు వచ్చే ఆ సన్నని ‘టింగ్’. ఒకటి, తర్వాత వరసగా నాలుగైదు. ఆడవి, పిల్లలు దూకుతున్నాయి. పిల్ల ఒకటి దూకలేక కంచె వెంబడి అటూ ఇటూ పరుగెత్తి, చివరికి కింది తీగ కింద నుంచి దూరింది. తీగకు బొచ్చు చిక్కుకుని ఊగుతోంది. తల్లి చేను మధ్యలో నిలబడి వెనక్కి చూస్తూ, కిచమని పిలిచింది. అంత పెద్ద జంతువుకు ఆ గొంతేమిటి అనిపిస్తుంది. వాటి ఊపిరి ఆవిరి నేల మీద మంచుతో కలిసిపోయి, కాళ్లు కనబడకుండా ఒళ్లు మాత్రమే తేలుతున్నట్టుంది. మగది రాలేదు. నేను ట్రిగ్గర్ ముట్టుకోలేదు. 2,500లో సగం అప్పుడే చెల్లిపోయిందని నా లెక్క.

ఇక పేచీ. ప్రకటనలో ఇలా ఉంది: మీకు మాత్రమే ప్రత్యేకించిన నాలుగు వేల ఎకరాలు. ఫోనులో భూయాజమాన్యం చూపించే మ్యాపు తెరిచాను. రాంచ్ హద్దుల్లో పసుపు రంగు ముక్కలు కనిపించాయి. పసుపు అంటే బీఎల్ఎం, అంటే కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థది. కలిపి చూస్తే నాలుగు వేలలో వెయ్యికి పైగా ప్రజల భూమి! చుట్టూ ప్రైవేటు భూమి ఉండటంతో రోడ్డు మీద నుంచి దానికి దారి లేదు, అంతే తేడా. నాకూ మీకూ హక్కున్న భూమిని, దారి తన చేతిలో ఉందన్న ఒక్క కారణంతో ‘ప్రత్యేకం’ అని అమ్ముతున్నాడు.

అడిగాను. ‘దాన్ని మా తాత కాలం నుంచి మేమే లీజుకు మేపుతున్నాం’ అన్నాడు. నిజమే కావచ్చు. కానీ మేత పర్మిట్ పశువులను మేపుకోవడానికి మాత్రమే. జనాన్ని ఆపే హక్కు దానితో రాదు. ఆ మాట కూడా చెప్పాను. ఆయన టోపీ సర్దుకుని వాతావరణం గురించి మాట్లాడాడు.

ఈ విషయం ఇప్పుడు ఇంకా వేడిగా ఉంది. 2021లో మిస్సోరి నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర, చదరంగం బల్లలా పక్కపక్కనే ఉన్న గళ్లలో ఒక ప్రభుత్వ గడి మూల నుంచి మరో ప్రభుత్వ గడి మూలకు నిచ్చెన వేసుకుని దాటారు. ప్రైవేటు నేల మీద కాలు మోపలేదు. అయినా రాంచ్ యజమాని 70 లక్షల డాలర్లకు పైగా నష్టం జరిగిందని దావా వేశాడు. 2025 మార్చిలో టెన్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, ప్రభుత్వ భూమికి దారి మూసేయకూడదన్న 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది. ఆ అక్టోబరులోనే, మేము మీకర్ వెళ్లడానికి కొంచెం ముందు, సుప్రీంకోర్టు ఈ కేసు విననని చెప్పేసింది. కొలరాడో ఆ అప్పీళ్ల కోర్టు పరిధిలోనిదే. మా రాంచ్‌లోని పసుపు ముక్కల్లో ఒకటి బయటి ప్రభుత్వ భూమికి సరిగ్గా మూలతో తాకుతోంది. రేపు ఎవరైనా ఆ మూల దాటి వస్తే ‘ప్రత్యేకం’ అన్న మాటకు విలువేముంటుందో యజమాని ఆలోచించుకోవాలి. అలాగని తీర్పు వార్త చదివి మీరు ఎక్కడపడితే అక్కడ దూకకండి. సర్వే రాయి ఎక్కడుందో తెలియకుండా మూల దాటడం కోరి తంటా తెచ్చుకోవడమే.

ఇక ట్రోఫీ, అంటే గోడకు తగిలించుకునే పెద్ద కొమ్ముల సంగతి. ప్రకటనలోని ఫోటోల్లో కొమ్ముకు ఆరేసి శాఖలున్న మగ ఎల్క్‌లు. కొమ్ముల కొలతల రికార్డులు ఉంచే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ శాశ్వత పుస్తకంలోకి ఎక్కాలంటే మామూలు ఆకారపు కొమ్ములకు కనీసం 375 అంగుళాల స్కోరు ఉండాలి. లాటరీ లేకుండా లైసెన్సు దొరికే యూనిట్లో అలాంటివి పెరగడం అరుదు. పెద్దవయ్యేలోపే చాలావాటిని ఎవరో ఒకరు కాలుస్తారు. కొలరాడోలో నిజమైన ట్రోఫీ యూనిట్లకు ఇరవై ఏళ్లకు పైగా ప్రిఫరెన్స్ పాయింట్లు (లాటరీ తగలని ఏడాదికి ఒకటి చొప్పున వచ్చే ప్రాధాన్యం) కూడబెట్టుకోవాలి. ఫోటోలు ఏ సంవత్సరానివని అడిగితే ‘పాతవే, కానీ ఇక్కడివే’ అన్నాడు. నిజాయితీగానే చెప్పాడు, అడిగిన తర్వాత.

ఆరు శాఖల పెద్దది ఒకటి నాకూ కనబడింది. పక్క రాంచ్‌లో, కంచెకు అవతల. ఆ రాంచ్‌లో వేటకు 8,000 పైన. అది కంచె దాకా వచ్చి, మా వైపు చూసి, గడ్డి నమిలి వెళ్లిపోయింది. ధరల పట్టిక చదివినట్టే ఉంది దాని ధీమా. కొందరికి చెయ్యి దురద పెడుతుంది, అందుకే చెబుతున్నాను: ఆరు శాఖల మగ ఎల్క్‌ను అక్రమంగా చంపితే కొలరాడోలో మామూలు జరిమానా మీద అదనంగా 10,000 డాలర్లు. కొలరాడోలోనే ఎస్టెస్ పార్క్ అనే ఊళ్లో అందరికీ చేరువైన శాంసన్ అనే ఎల్క్‌ను 1995లో ఒకడు చంపాక వచ్చిన చట్టం అది.

నాకు దొరికింది అయిదు శాఖలది, ఒక సాయంత్రం, సేజ్ పొదల వాలు మీద. అక్కడ కొమ్ముకు నాలుగు శాఖలైనా ఉంటేనే, లేదా కింది శాఖ అయిదు అంగుళాలైనా ఉంటేనే కాల్చాలి. నాది సునాయాసంగా దాటింది. గోడకు తగిలించే కొమ్ములు కావు, కూరకు మాత్రం కొదవ లేదు. కొమ్ములు తీసుకుని మాంసం వదిలేయడం ఇక్కడ పెద్ద నేరం, అలా ఉండటమే మంచిది. అక్టోబరు ఎండకు తొడల దగ్గర మాంసం త్వరగా చెడుతుంది. చీకట్లోనే తోలు తీసి, నాలుగు భాగాలు చేశాం. రాంచ్ పనివాడు చిన్న బండి తెచ్చి 200 డాలర్లకు అంతా దూలం దాకా చేర్చాడు. ఆ 200కు ఐదు నక్షత్రాలు. ఎల్క్ మాంసంలో కొవ్వు ఉండదు కాబట్టి మటన్ పచ్చడి పెట్టే పద్ధతిలో పెడితే నూనె కాస్త ఎక్కువ పోయాలి, ముక్క చిన్నగా కోయాలి.

యజమాని పక్షం కూడా చెప్పాలి. మా నాన్న అనంతపురం జిల్లాలో వేరుశనగ వేసి, రాత్రంతా అడవిపందులకు కాపలా కాసినవాడు. అందుకే మీకర్‌లో గడ్డి బేళ్ల గుట్టను ఎల్క్‌లు ఎలా చీల్చాయో చూపించినప్పుడు ఆయన ముఖం నాకు కొత్తగా అనిపించలేదు. రాష్ట్రం పంట నష్టం ఇస్తుంది కానీ, వేట ప్రవేశానికి సీజన్‌కు మనిషికి 500 డాలర్లకు మించి వసూలు చేసే రైతుకు ఆ పరిహారం రాదు. ఈయన ఆ దారి వదులుకుని ఈ దారి ఎంచుకున్నాడు. అది ఆయన లెక్క, తప్పు పట్టను.

మనవాళ్లలో వెళ్లాలనుకునేవారికి రెండు మాటలు. హెచ్-1బీ వంటి వీసాపై ఉన్నవారు తుపాకీ చేతపట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. స్నేహితుడి రైఫిల్ కాసేపు పట్టుకోవడమే కదా అనుకోవద్దు, ముందు న్యాయవాదిని అడగండి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి కొలరాడోలో మామూలుగా హంటర్ ఎడ్యుకేషన్ (వేట భద్రత శిక్షణ) సర్టిఫికెట్ తప్పనిసరి. డబ్బు పెట్టే ముందు ‘రాంచింగ్ ఫర్ వైల్డ్‌లైఫ్’ పథకం చూడండి: పన్నెండు వేల ఎకరాలకు తగ్గని రాంచ్‌లు, లాటరీ తగిలితే కొలరాడో నివాసికి ప్రవేశం ఉచితం. మోంటానాలో బ్లాక్ మేనేజ్‌మెంట్ కింద రాష్ట్రమే రైతుకు డబ్బిచ్చి గేటు తెరిపిస్తుంది, వేటగాడి నుంచి ప్రవేశ రుసుము ఉండదు.

వచ్చే సీజన్‌కు చోటు ఉంచమంటారా అని రాంచ్ యజమాని ఈమెయిలు పంపాడు. పసుపు ముక్కలు తీసేసి మిగిలిన ఎకరాలకే లెక్కకడితే రుసుము 1,900 డాలర్ల దగ్గర తేలుతుందని మ్యాపు జతచేసి రాశాను. 2,200 అన్నాడు. 2,000కు దిగితే వెళ్తాను.