రొమ్ముకి అయోడిన్: ఉప్పా, నాచా, చుక్కలా, మాత్రా... ఏది మేలు?

నెలసరికి వారం ముందు నుంచే రొమ్ములు బరువెక్కి సలుపుతుంటాయి. తడిమితే చిన్నచిన్న ఉండలు తగులుతాయి. స్కాన్ చూసిన డాక్టరు "ఫైబ్రోసిస్టిక్ మార్పులేనమ్మా, భయపడేదేమీ లేదు" అని పంపించేస్తారు. అంటే క్యాన్సర్ కాని ఉండలు, నీటి తిత్తులు. భయం తగ్గుతుంది గానీ నొప్పి అక్కడే ఉంటుంది. ఇక దానికోసం ఫోన్లో వెతకడం మొదలుపెడితే పదే పదే ఎదురయ్యే మాట అయోడిన్. ఒకరు ఉప్పు చూసుకోమంటారు. ఒకరు సముద్రనాచు క్యాప్సూల్స్ అంటారు. ఇంకొకరు గ్లాసు నీళ్లలో ల్యూగోల్ అనే గాఢమైన అయోడిన్ ద్రావణం చుక్కలు వేసుకుని తాగేయమంటారు. జపాన్ ఆడవాళ్లు నాచు తింటారు కాబట్టే వాళ్లకి రొమ్ము క్యాన్సర్ తక్కువ అన్న మాట మాత్రం అందరూ చెప్తారు.

వీటన్నిటినీ కలిపి "అయోడిన్" అని ఒకే పేరుతో పిలవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. పెద్దవాళ్లకి రోజుకి కావలసింది 150 మైక్రోగ్రాములు. ల్యూగోల్ చుక్క ఒక్కటి దానికి నలభై రెట్లు. ఈ రెండింటినీ ఒకే సలహా కింద ఎలా చెప్తారో నాకైతే అర్థం కాదు. కాబట్టి వీటిని విడివిడిగా పక్కపక్కన పెట్టి చూద్దాం. ముందు అసలు సంబంధమేమిటో రెండు మాటలు.

రొమ్ముకి అయోడిన్‌తో పనేమిటి?

పని ఉంది, అది కట్టుకథ కాదు. రక్తంలోని అయోడిన్‌ని పట్టి లోపలికి లాక్కునే ఒక ప్రోటీన్ థైరాయిడ్ కణాల మీద ఉంటుంది. దాని జన్యువుని 1996లో గుర్తించారు. పాలిచ్చే తల్లి రొమ్ములోనూ అదే ప్రోటీన్ పనిచేస్తుంది. పసిబిడ్డ థైరాయిడ్‌కి, మెదడు ఎదుగుదలకి కావలసిన అయోడిన్ తల్లిపాల నుంచే రావాలి కదా, అందుకే ఈ ఏర్పాటు. తల్లి పొగతాగితే ఆ పొగ వల్ల ఒంట్లో చేరే థయోసయనేట్ ఈ ప్రోటీన్‌కి అడ్డుపడుతుంది, పాలల్లో అయోడిన్ తగ్గుతుంది.

2000లో ఇంకో సంగతి తేలింది. పరీక్షించిన రొమ్ము క్యాన్సర్ కణితుల్లో ఎక్కువ వాటిలో ఈ ప్రోటీన్ కనిపించింది. "చూశారా, క్యాన్సరే అయోడిన్ కోసం చెయ్యి చాస్తోంది" అని చుక్కల మందు ప్రచారం చేసేవాళ్లు ఎత్తి చూపేది దీన్నే. పరిశోధకుల ఆశ మాత్రం వేరు. థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియోధార్మిక అయోడిన్ ఇచ్చి కణాలను చంపినట్టు ఇక్కడా చేయగలమా అని వాళ్లు చూశారు. మామూలు అయోడిన్ తాగితే కణితి కరుగుతుందని అందులో ఎక్కడా లేదు.

ఎలుకల ప్రయోగాలూ ఉన్నాయి. బెర్నార్డ్ ఎస్కిన్ అనే అమెరికన్ వైద్యుడు ఎలుకలకి అయోడిన్ అందకుండా చేస్తే వాటి రొమ్ము కణజాలంలో ఫైబ్రోసిస్టిక్ లాంటి మార్పులు వచ్చాయి. ఇదీ నిజమే. అయితే అది లోటు వల్ల వచ్చిన చెడు. సరిపడా అందుతున్న మనిషికి ఇంకా పోస్తే మేలు జరుగుతుందా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేయడం వల్లే సగం గందరగోళం.

జపాన్ సంగతి

జపాన్‌లో సగటున రోజుకి 1 నుంచి 3 మిల్లీగ్రాముల అయోడిన్ ఒంట్లోకి వెళ్తుందని ఒక అంచనా. అమెరికాకి వలసపోయిన జపాన్ కుటుంబాల్లో, తరం మారేసరికి రొమ్ము క్యాన్సర్ పెరిగిందన్నదీ వాస్తవమే. కానీ వలసపోయినప్పుడు మారింది నాచు ఒక్కటేనా? రజస్వల అయ్యే వయసు, తొలి కాన్పు వయసు, పిల్లల సంఖ్య, పాలిచ్చిన నెలలు, ఒంటి బరువు, మద్యం, సోయా, అన్నీ మారాయి. ఇందులోంచి అయోడిన్‌ని ఒక్కదాన్నే వేరుచేసి "ఇదే కారణం" అనడానికి ఆధారం లేదు. పైగా ఈ దశాబ్దాల్లో జపాన్‌లోనూ రొమ్ము క్యాన్సర్ బాగా పెరిగింది. ఇప్పుడు అక్కడి ఆడవాళ్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అదే. నాచు బాగా తినే ఆడవాళ్లలో ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్ ఎక్కువగా ఉందని అక్కడి పెద్ద అధ్యయనం ఒకటి 2012లో చెప్పింది, మరో అధ్యయనంలో అలాంటిది కనిపించలేదు. జపాన్‌ని సాక్ష్యానికి పిలిస్తే ఈ మాటలు కూడా వినాలి.

అయోడిన్ ఉప్పు, 150 మైక్రోగ్రాముల మాత్ర

కిలోకి 30 మిల్లీగ్రాముల అయోడిన్ కలిపిన ఉప్పు రోజుకి 5 గ్రాములు వాడితే 150 మైక్రోగ్రాములు అందుతాయి. 5 గ్రాములకి మించొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, కావలసిన అయోడిన్ ఆ హద్దులోనే దొరుకుతుంది. వంటలో కొంత పోయినా పాలు, గుడ్లు, సముద్రపు చేపలు ఆ లోటు పూడుస్తాయి. 1920లలో స్విట్జర్లాండ్‌తో మొదలై దేశదేశాల్లో గొంతు వాపుని తగ్గించింది ఈ చవక ఏర్పాటే. రాతి ఉప్పు, గులాబి ఉప్పు "సహజం" అని మారినవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. అయోడిన్ కలపకపోతే వాటిలో అది దాదాపు లేనట్టే. పాలు, గుడ్లు, చేపలు ముట్టనివారు ఈ ఉప్పుకి మారితే లోటు రావడానికి పెద్దగా సమయం పట్టదు. అలాగని అయోడిన్ కోసం ఉప్పు పెంచకండి, రక్తపోటు ఊరుకోదు.

ఉప్పు వల్ల రొమ్ము సలపరం తగ్గుతుందా? తగ్గుతుందని చూపిన పరిశోధన లేదు. ఇది మందు కాదు, లోటు లేకుండా కాపాడే ఏర్పాటు. అందుకే దీన్ని పోటీలో పెట్టను, అందరికీ ఉండాల్సిన కనీసం ఇది.

మాత్రతో నిజంగా పని పడేది గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో వాళ్లకి రోజుకి 250 మైక్రోగ్రాములు కావాలి. అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ వాళ్లకి 150 మైక్రోగ్రాముల మాత్ర సిఫారసు చేస్తుంది. గర్భిణులకిచ్చే విటమిన్ మాత్రలన్నిటిలో అయోడిన్ ఉండదు, పెట్టె మీద చదువుకోవాలి. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే.

నాచు క్యాప్సూల్స్

వీటిని త్వరగా పక్కన పెట్టేస్తాను. మొక్క కాబట్టి మంచిదే అనుకుంటారు. నాచు రకాన్ని బట్టి గ్రాములో 16 మైక్రోగ్రాములు ఉండొచ్చు, 8,000 దాటొచ్చు. ఒక సీసాకీ ఇంకో సీసాకీ పొంతన ఉండదు. ఎంత మింగుతున్నామో తెలియని దాన్ని మందుగా వాడటంలో అర్థం లేదు. బాలింతలు నాచు చారు ఎక్కువగా తాగడం వల్ల పాలు తాగే బిడ్డల థైరాయిడ్ మందగించిన సంఘటనలు జపాన్, కొరియాల నుంచి వైద్య పత్రికలకెక్కాయి.

ల్యూగోల్ చుక్కలు

ఎక్కువ చెప్పాల్సింది దీని గురించే, ఎందుకంటే ఎక్కువ హాని చేసేదీ ఇదే. 1829లో ఫ్రెంచి వైద్యుడు ల్యూగోల్ తయారుచేసిన ద్రావణమిది. 5 శాతం అయోడిన్, 10 శాతం పొటాషియం అయోడైడ్. చుక్కకి సుమారు 6 మిల్లీగ్రాముల అయోడిన్. పెద్దవాళ్లకి పై హద్దు అమెరికాలో రోజుకి 1,100 మైక్రోగ్రాములు, ఐరోపాలో 600. అంటే ఒక్క చుక్కతోనే రెండు హద్దులూ దాటేస్తాం. నెట్‌లో సలహా ఇచ్చేవాళ్లు మూడు, ఐదు, పది చుక్కల దాకా వెళ్తారు.

ఆసుపత్రుల్లో దీన్ని వాడరా? వాడతారు, విపరీతంగా పనిచేస్తున్న థైరాయిడ్‌ని ఆపరేషన్‌కి ముందు కొద్దిరోజులు నెమ్మదింపజేయడానికి. అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువైతే థైరాయిడ్ హార్మోన్ తయారీ ఆపేస్తుందని 1948లో వోల్ఫ్, చైకాఫ్ చూపారు. ఆరోగ్యంగా ఉన్న థైరాయిడ్ కొద్దిరోజుల్లో తేరుకుని మళ్లీ పనిలో పడుతుంది. హషిమోటో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడిచేసే జబ్బు) ఉన్నవాళ్లలో చాలామందికి అలా తేరుకోదు, హైపోథైరాయిడ్ వస్తుంది, అంటే థైరాయిడ్ మందగిస్తుంది. థైరాయిడ్‌లో పాత గడ్డలున్నవాళ్లకి దీనికి వ్యతిరేకం. హార్మోన్ మితిమీరి గుండె దడ, బరువు తగ్గడం, చేతుల వణుకు. తమకి హషిమోటో ఉందని తెలియనివాళ్లు బోలెడంత మంది ఆడవాళ్లు. రొమ్ము నొప్పి తగ్గుతుందని మొదలుపెట్టి థైరాయిడ్ మాత్రలకి అతుక్కుపోతే ఎవరిని అడుగుతారు?

ఈ ప్రచారంలో రెండు ముచ్చట్లు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకటి, చర్మం మీద అయోడిన్ పూసి అది త్వరగా మాయమైతే ఒంట్లో లోటున్నట్టు అనే పరీక్ష. అయోడిన్ గాలికి ఆవిరైపోతుంది, మరక ఎంతసేపు ఉంటుందన్నది వేడి, తేమ, చర్మం మీద ఆధారపడి ఉంటుంది. దానికీ లోటుకీ సంబంధం లేదు. మూత్రంలో అయోడిన్ పరీక్ష కూడా ఒక ప్రాంతపు జనం మొత్తం మీద లోటు ఎలా ఉందో చెప్పడానికే పనికొస్తుంది, ఒక్క నమూనాతో ఒక్క మనిషి సంగతి తేల్చదు. రెండోది ఇంకా గడుసుది. చుక్కలు మొదలుపెట్టాక నోట్లో లోహపు రుచి, మొటిమలు, తలనొప్పి వస్తే "బ్రోమిన్ విషం బయటికి పోతోంది, ఇంకాస్త పెంచండి" అంటారు. అవి అయోడిన్ ఎక్కువైందని ఒళ్లు చెప్పే గుర్తులు. హెచ్చరికనే శుభసూచన చేసేశారు.

అణురూప (మాలిక్యులర్) అయోడిన్ మాత్ర

ఈ వరుసలో నొప్పి మీద నేరుగా పరీక్షకి నిలిచింది ఇదొక్కటే. ఉప్పులోని అయోడిన్ ఒంట్లోకి చేరేది అయోడైడ్ రూపంలో, ల్యూగోల్‌లోనూ ఎక్కువ భాగం అదే, థైరాయిడ్ దాన్నే లాక్కుంటుంది. రెండు అయోడిన్ పరమాణువులు జతకట్టి అణువుగా ఉన్న రూపం థైరాయిడ్‌ని అంతగా కదిలించకుండా రొమ్ము కణజాలానికి చేరుతుందన్నది దీని వెనకున్న ఊహ. 1993లో కెనడా వైద్యుడు ఘెంట్, ఎస్కిన్ తదితరులు వేర్వేరు రూపాలను ఫైబ్రోసిస్టిక్ రొమ్ములున్న ఆడవాళ్లకి ఇచ్చి చూశారు. నొప్పి తగ్గింది చాలామందికి, దుష్ప్రభావాలు తక్కువగా ఉన్నది అణు రూపంలోనే. 2004లో 111 మందితో, ఎవరికి ఏది ఇస్తున్నారో ఇటు రోగికీ అటు డాక్టరుకీ తెలియకుండా, ఆరు నెలల ట్రయల్ జరిగింది. రోజుకి 1.5 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకీ ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకీ తేడా లేదు. 3, 6 మిల్లీగ్రాములవాళ్లకి మూడో నెల నుంచి నొప్పి తగ్గింది. 6 మిల్లీగ్రాములవాళ్లలో సగం మందికి పైగా చెప్పుకోదగ్గ ఉపశమనం.

బాగుంది. కానీ 111 మంది, ఆరు నెలలు. అందరూ థైరాయిడ్ సరిగ్గా ఉన్నవాళ్లే. మోతాదేమో అమెరికా పై హద్దుకి సుమారు మూడు నుంచి అయిదున్నర రెట్లు. వేలమందికి ఏళ్ల తరబడి ఇచ్చి చూసిన ట్రయల్ లేదు. కాబట్టి నా లెక్కలో ఇది "డాక్టరుతో కూర్చుని మాట్లాడదగ్గది", అంతే. మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్త పరీక్ష) చూడాలి. గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు, గర్భిణులు, బాలింతలు దీని జోలికి పోవద్దు.

మరి నొప్పికి ముందుగా ఏది?

అయోడిన్ కంటే ముందు చేయదగ్గవి ఉన్నాయి. సరైన కొలత బ్రా, నొప్పి ఉన్న రోజుల్లో పడుకునేటప్పుడు కూడా. పైపూతగా డైక్లోఫెనాక్ జెల్, దీని మేలు ట్రయల్స్‌లో కనిపించింది. రెండు మూడు నెలలు నొప్పి తేదీలు రాసుకుంటే అది నెలసరితో వచ్చిపోయేదో కాదో తెలిసిపోతుంది, డాక్టరుకీ పని సులువవుతుంది. క్యాన్సర్ కాదని గట్టిగా తెలిశాక చాలామందికి నొప్పి భరించగలిగేదిగా మారిపోతుంది. ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ అనే మొక్క గింజల నూనెని డాక్టర్లు చాలాకాలం మందుగా రాసిచ్చారు, మంచి ట్రయల్స్‌లో ఉత్తుత్తి మాత్రని మించలేదు. మరీ తీవ్రంగా ఉంటే తక్కువ మోతాదులో టమాక్సిఫెన్ (ఈస్ట్రోజెన్ హార్మోన్‌కి అడ్డుపడే మందు) లాంటివి ఉన్నాయి, వాటి ఇబ్బందులు వాటికున్నాయి.

క్యాన్సర్ భయంతో అయోడిన్ తీసుకునేవాళ్లకి మాత్రం నా జవాబు సూటిగా ఉంటుంది: అందుకోసం ఏ రూపమూ వద్దు. అయోడిన్ తీసుకుంటే రొమ్ము క్యాన్సర్ రాదని చూపిన ట్రయల్ లేదు. లెక్క తెలిసినవి వేరే ఉన్నాయి. 30 దేశాల సమాచారం కలిపి 2002లో వేసిన లెక్కలో, పాలిచ్చిన ప్రతి 12 నెలలకీ ముప్పు 4.3 శాతం తగ్గింది. రోజుకి 10 గ్రాముల ఆల్కహాల్‌కి సుమారు 7 శాతం పెరుగుతుంది. ముట్లుడిగాక పెరిగే బరువూ ముప్పే. కొత్తగా గడ్డ తగిలినా, చనుమొన లోపలికి లాగినా, రక్తం కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా చుక్కలు వేసుకుంటూ రెండు నెలలు చూసే పని కాదు. డాక్టరు తడిమి చూడటం, స్కాన్ లేదా మామోగ్రామ్, అవసరమైతే సూదితో ముక్క తీసి పరీక్ష, ఈ మూడూ వెంటనే జరగాలి.

ఇప్పటికే చుక్కలు వాడుతున్నవాళ్లుంటే: ఆపేయండి, టీఎస్‌హెచ్, టీ4 (థైరాయిడ్ హార్మోన్) పరీక్షలు చేయించుకోండి, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఒకసారి. వాడిన సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు. ఒంట్లో అయోడిన్ నిండి ఉంటే థైరాయిడ్‌కి చేసే రేడియో అయోడిన్ స్కాన్ సరిగ్గా రాదు, వారాల తరబడి వాయిదా వేయాల్సి వస్తుంది. పాలిచ్చే తల్లి అయితే బిడ్డ థైరాయిడ్‌ని కూడా అప్పుడే చూపించాలి.