లోపలివైపు గట్టి దిమ్మె ఉన్న రన్నింగ్ షూ: నాలుగు నెలలు వాడాక

ట్రెడ్‌మిల్ మీద నా పరుగు వీడియో తీసి, "పాదం లోపలికి ఒరుగుతోందండీ" అన్నాడు షాపతను. ఏదో రోగం బయటపడ్డట్టు కంగారుపడి, అతను చూపించిన స్టెబిలిటీ షూ తెచ్చేసుకున్నాను. పాదం అటు ఒరగకుండా లోపలివైపు గట్టి ఫోమ్ దిమ్మె పెట్టారు.

మొన్న కుర్చీకి స్క్రూలు బిగిస్తుంటే, పాదం అలా ఒరగడం అసలు రోగమేనా అని అనుమానం మొదలైంది. ముంజేతిలో రెండు ఎముకలు. అరచెయ్యి వెల్లకిలా ఉంటే పక్కపక్కనే ఉంటాయి, బోర్లిస్తే బొటనవేలి వైపుది రెండోదాని మీదుగా అడ్డం పడుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు వెల్లకిలా తిప్పుతాం, అప్పుడు దండ కండ కూడా సాయం పడుతుంది. విప్పేటప్పుడు దాని సాయం ఉండదు, అందుకే అవస్థ. నా బాడ్మింటన్ స్మాష్‌లో ఊపంతా మణికట్టుదే అనుకునేదాన్ని. భుజం తిరగడం, ముంజెయ్యి బోర్లడం లేకపోతే అక్కడ ఏమీ లేదు. చెయ్యి తిరిగితే ఎవరూ జబ్బనరు, మరి పాదం మీదే ఎందుకీ పగ?

పరుగులో చాలామందికి ముందు నేలకు తగిలేది మడమ బయటి అంచు. తర్వాత పాదం లోపలికి ఒరిగి, వంపు కాస్త కుంగి, దెబ్బను మింగుతుంది. మడమ లేచేసరికి మళ్లీ బయటికి తిరిగి బిగుసుకుంటుంది, ఆ బిగువుతోనే నేలను తన్నగలం. కొత్తగా పరుగు మొదలుపెట్టిన 927 మందికి మామూలు షూలే ఇచ్చి ఏడాదిపాటు గమనించిన అధ్యయనం 2014లో వచ్చింది. పాదం ఒరిగేవాళ్లకు గాయాలు ఎక్కువేమీ కాలేదు.

ఇక షూ సంగతి. మడమ పట్టు చాలా బాగుంది, నడకకైతే హాయి. మూడు కిలోమీటర్లు దాటితే మాత్రం దిమ్మె అరికాలి వంపులో గులకరాయిలా గుచ్చుకుంటుంది. ఒకరోజు బద్ధకించి ఇవే వేసుకుని కోర్టులోకి దిగితే, పక్కకు దూకినప్పుడు చీలమండ మడతపడినంత పనైంది. అది నా తప్పే, పరుగు షూ మడమ ఎత్తుగా ఉంటుంది.

అయిదుకి రెండున్నర. మా అక్క వేసుకుని చూసి, తనకు బాగున్నాయంటూ తిరిగివ్వలేదు. నేను మామూలు షూకి వచ్చేశాను, మడమ బయటి అంచు ఎప్పట్లాగే అరుగుతోంది.