రౌటర్ కేబుల్‌తో గిటార్ పెడల్స్: లంబసింగిలో రెండు రాత్రులు వాడాక

కరెంటు లేనిచోట గిటార్ పెడల్స్ (కాలితో నొక్కితే గిటార్ శబ్దాన్ని మార్చే చిన్న పెట్టెలు) వాడుకుందామని ఆన్‌లైన్‌లో 340 రూపాయలు పెట్టి ఒక స్టెప్-అప్ కేబుల్ తీసుకున్నా. ఒకపక్క యూఎస్‌బీ, ఇంకోపక్క గుండ్రటి పిన్ను, మధ్యలో సగం అగ్గిపెట్టెంత నల్ల డబ్బా. పవర్ బ్యాంక్ ఇచ్చే 5 వోల్టుల్ని 9 చేసి ఇస్తుంది. ఐదుకి మూడు స్టార్లు.

వచ్చిన రోజే షాక్. నా ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించేది) ఎస్‌డీ-1కి పెడితే లైటు వెలగలా, అర నిమిషంలో ఆ నల్ల డబ్బా చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, పీకేశా. మా బావ ఎలక్ట్రీషియన్, మీటర్ పెట్టి చూసి "ఒరేయ్, దీని పిన్ను మధ్యలో ప్లస్ వస్తోంది, నీ పెడల్ మీద బొమ్మ చూడు, మధ్యలో మైనస్ అడుగుతోంది" అన్నాడు. అసలు ఈ కేబుళ్లు కరెంటు పోయినా నెట్ ఆగకుండా వైఫై రౌటర్లకి చేసినవి, వాటికి మధ్యలో ప్లస్, మన పెడల్స్‌లో దాదాపు అన్నిటికీ మధ్యలో మైనస్, పిన్ను సైజు మాత్రం ఒకటే కాబట్టి చక్కగా దూరిపోతుంది. అమ్మినాయన పేజీలో గిటార్ పెడల్స్‌కి కూడా అని రాసుకున్నాడు చూడండి, అక్కడ మండింది నాకు. పెడల్ అదృష్టం బాగుండి బతికింది. బావ వైరు కోసి తీగలు అటూ ఇటూ మార్చి, సోల్డరింగ్ చేసి టేపు చుట్టి ఇచ్చాడు.

ఇక లంబసింగి. క్యాంపులో రాత్రి పదికి జనరేటర్ ఆపేస్తారు, అసలు పాటలు మొదలయ్యేదే అప్పుడు. యాంప్‌తో (గిటార్ స్పీకర్ పెట్టె) గొడవలేదు, నా మైక్రో క్యూబ్‌కి ఆరు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. ఎస్‌డీ-1 ఒక్కదాన్నే కేబుల్‌కి పెడితే కాసేపటికే పవర్ బ్యాంక్ దానంతటదే ఆగిపోతోంది. ఎందుకంటే ఓవర్‌డ్రైవ్ లాగేది ఏ పది మిల్లీఆంప్సో, అంత తక్కువైతే ఫోన్ ఫుల్ అయిపోయింది కాబోలు అనుకుని అది నిద్రపోతుంది. డిలే పెడల్ (వాయించింది ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది), అంటే నా డీడీ-8, కూడా కలిపితే ఆగట్లేదు, అదొక్కటే 65 దాకా లాగుతుంది. కానీ రెండూ ఒకే కేబుల్ మీద ఉంటే చెవి దగ్గర దోమ తిరిగినట్టు సన్నగా ఒకటే కూత, గెయిన్ (గరగర మోతాదు) పెంచితే దోమ కాస్తా కీచురాయి అవుతుంది. చలిమంట చుట్టూ అందరూ మెల్లగా పాడుకుంటుంటే ఇది భరించలేం.

చివరికి నాకు కుదిరిన పద్ధతి: డిలే ఒక్కటే కేబుల్ మీద, ఓవర్‌డ్రైవ్‌కి మామూలు 9 వోల్ట్ బ్యాటరీ. కూత పోయింది. 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ రెండు రాత్రులు వాడినా నాలుగు లైట్లలో ఒక్కటే ఆరింది. అదే డిలేని 9 వోల్ట్ బ్యాటరీ మీద నడిపితే, మంచి ఆల్కలైన్‌దే ఓ 500 ఎంఏహెచ్ అనుకున్నా, కాగితం మీద ఏడు గంటలు, నిజంగా అంత రాదు, పైగా లంబసింగి చలికి ఇంకా తగ్గుతుంది. చౌక బ్యాటరీ సంగతి అడక్కండి.

ఇంకోటి, ఇది కేబుల్ తప్పు కాదు, నాదే. పెడల్ ఆఫ్‌లో ఉన్నా ఇన్‌పుట్‌లో గిటార్ వైరు జాక్ ఉంటే బ్యాటరీ అయిపోతూనే ఉంటుంది, బ్యాటరీకి స్విచ్‌గా పనిచేసేది ఆ జాకే. మొదటి రాత్రి నిద్రమత్తులో పీకకుండా వదిలేశా, పొద్దున లైటు మిణుకుమిణుకుమంటోంది. చిన్నప్పటిలా బ్యాటరీ నాలిక చివర ఆనించి చూశా, చురుక్కుమనలా, చింతచిగురు నమిలినట్టు కాస్త పులుపు, అంతే. స్పేర్ ఉండబట్టి సరిపోయింది.

డిలే, రివర్బ్ లాంటి ఎక్కువ కరెంటు లాగే పెడల్స్ వాడేవాళ్లయితే కొనుక్కోండి, ముందు మీటర్ పెట్టి చూడకుండా మాత్రం పెడల్‌కి గుచ్చొద్దు. ఒక్క ఓవర్‌డ్రైవ్ కోసమైతే ఆ 340తో బ్యాటరీలు కొనుక్కోవడమే నయం.