లోడు పెట్టని పరీక్ష: మా అపార్ట్‌మెంటు జనరేటర్ నిర్వహణ సేవపై సమీక్ష

విజయవాడ పటమటలోని మా అపార్ట్‌మెంటుకు 62.5 కేవీఏ డీజిల్ జనరేటర్ ఉంది. లిఫ్టులు, బోరు మోటారు, మెట్ల దీపాలు, ఒక్కో ఫ్లాటులో కొన్ని లైట్లూ ఫ్యాన్లూ దాని మీద నడుస్తాయి. దాని బాగోగులు చూడడానికి నగరంలోని ఒక ప్రైవేటు సంస్థతో మా అసోసియేషన్ ఏటా ఒప్పందం కుదుర్చుకుంటోంది. ఇది ఆ సేవపై సమీక్ష. సంస్థ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే లోపం ఆ ఒక్క సంస్థది కాదు, మన అపార్ట్‌మెంట్లు ఇలాంటి ఒప్పందాలు రాసుకునే పద్ధతిలోనే ఉంది.

వారి పనిలో మెచ్చుకోవలసినవి ఉన్నాయి. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు గడువు దాటకుండా మారుస్తారు, తీసేసిన పాత భాగాలను చూపించి మరీ బిల్లు ఇస్తారు, రాత్రివేళ పిలిచినా మెకానిక్ వస్తాడు. ప్రతి నెలా ఒకసారి జనరేటర్‌ను స్టార్ట్ చేసి, లోడు లేకుండా, అంటే లిఫ్టులూ మోటారూ దానికి కలపకుండా, కాసేపు నడిపి, అంతా సరిగా ఉందని కాగితం మీద టిక్కులు పెట్టి సంతకం తీసుకుంటారు.

అన్ని టిక్కులూ ఉన్న ఆ జనరేటర్ గత మే నెలలో ఈదురుగాలికి కరెంటు పోయిన సాయంత్రం పనిచేయలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజన్ బరువుగా కాస్త తిరిగి ఆగిపోయింది. మెకానిక్ వచ్చి వేరే బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు గానీ, లిఫ్టులూ మోటారూ కలిసి లోడు ఎక్కిన కొద్దిసేపటికే అది మళ్లీ ఆగింది. ఒకే సాయంత్రం రెండు వేర్వేరు లోపాలు బయటపడడం దురదృష్టమని కొందరు అన్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఆ రెండూ నెలనెలా జరిగిన పరీక్షకు దొరకని లోపాలే.

అత్యవసర జనరేటర్లు స్టార్ట్ కాకపోవడానికి అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం బ్యాటరీ. పని లేకుండా ఉన్నప్పుడు మీటరు పెట్టి చూస్తే పాతబడిన లెడ్ యాసిడ్ బ్యాటరీ కూడా నిండుగా ఉన్నట్టు 12.6 వోల్టులు చూపించవచ్చు. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగే క్షణంలో ఆ వోల్టేజి ఎంతకు పడిపోతుందన్నదే అసలు ప్రశ్న. వేడి పెరిగేకొద్దీ ఈ బ్యాటరీల ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో వాడుకలో ఉన్న లెక్క. వేసవిలో 45 డిగ్రీలు తాకే విజయవాడలో, గాలి ఆడని సెల్లారులో, ఇంజన్ పక్కనే ఉన్న బ్యాటరీకి చల్లని ప్రాంతాల వారంటీ కాలాన్ని ఊహించుకోకూడదు. పైగా ఏడాదిలో ఎక్కువ రోజులు జనరేటర్ ఆగే ఉంటుంది కనుక ఆ బ్యాటరీని నింపేది కంట్రోల్ ప్యానెల్లోని చిన్న ఛార్జరే. దాని ఫ్యూజు పోతే ఎవరికీ తెలియదు.

రెండోది డీజిల్. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో తేమ చేరి, నీటి బొట్లుగా మారి అడుగుకు దిగుతుంది. నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి జిగట మడ్డి తయారవుతుంది. లోడు లేకుండా నడిచే ఇంజన్‌కు కొద్ది ఇంధనమే కావాలి గనుక సగం మూసుకుపోయిన ఫిల్టరుతోనూ నెట్టుకొస్తుంది. లోడు ఎక్కగానే ఎక్కువ ఇంధనం కావలసి వచ్చి ఊపిరాడక ఆగిపోతుంది. మా ఫిల్టరు విప్పితే కనిపించింది ఆ మడ్డే. ఖాళీగా తిప్పడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది: ఇంజన్ తగినంత వేడెక్కక, పూర్తిగా కాలని ఇంధనం మసిగా, జిడ్డుగా పొగ గొట్టంలో పేరుకుంటుంది. అంటే ఆ పరీక్ష లోపాన్ని పట్టుకోకపోగా, కొత్త లోపాన్ని పెంచుతోంది.

అమెరికాలోని జాతీయ అగ్నిమాపక రక్షణ సంఘం రూపొందించిన ఎన్‌ఎఫ్‌పీఏ 110 ప్రమాణం ప్రకారం అత్యవసర డీజిల్ జనరేటర్‌ను నెలకోసారి కనీసం అరగంట, దాని సామర్థ్యంలో కనీసం 30 శాతం లోడుతో నడపాలి. మా 62.5 కేవీఏ యంత్రం సామర్థ్యం కిలోవాట్ల లెక్కలో 50 గనుక అది 15 కిలోవాట్లు అవుతుంది. లిఫ్టులు, మోటారు, లైట్లు కలిపితే ఆ లోడు మా భవనంలోనే దొరుకుతుంది, ప్రత్యేక పరికరాలు అక్కర్లేదు. అలా ఎందుకు చేయడం లేదని అడిగితే, మెయిన్ తీసి పరీక్షిస్తే నివాసులు ఫిర్యాదు చేస్తారని సంస్థ ప్రతినిధి చెప్పారు. అది నిజమే. కానీ ఆ మాట ఒప్పందం రాసుకున్న నాడే చెప్పవలసింది. నెలనెలా టిక్కు పెట్టి సంతకం తీసుకోవడం ఏమాత్రం సమర్థనీయం కాదు. పై అంతస్తుల్లో మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లు ఆ కాగితాన్నే నమ్ముకుని ఉన్నారు.

ఒప్పందాన్ని ఈసారి షరతులతో పునరుద్ధరించాం. నెలకో ఆదివారం ఉదయం ముందుగా నోటీసు పెట్టి, మెయిన్ తీసి, అరగంట లోడుతో నడుపుతున్నారు. సెల్ఫ్ కొట్టే సమయంలో బ్యాటరీ వోల్టేజిని రాస్తున్నారు. సర్వీసు చేశాక ప్యానెల్ స్విచ్ తిరిగి ‘ఆటో’లో, అంటే కరెంటు పోగానే దానంతట అదే స్టార్ట్ అయ్యే స్థితిలో, పెట్టినట్టు వాచ్‌మన్ చూసి సంతకం చేస్తున్నాడు. దాన్ని మాన్యువల్‌లో మరిచిపోవడం వల్ల మంచి జనరేటర్లు కూడా కదలకుండా ఉండిపోతుంటాయి. ట్యాంకు శుభ్రం చేయడానికి విడిగా డబ్బు తీసుకుంటామన్నారు, అది న్యాయమే. మొదటి లోడు పరీక్షలోనే ఇంజన్ వేడి అమాంతం పెరగడం గమనించారు. ఎవరో తెచ్చి పెట్టిన పాత సోఫాలు రేడియేటర్ గాలి బయటికి పోయే దారిని అడ్డుకున్నాయి. పాత పద్ధతిలో అయితే ఇది మరో కరెంటు కోతలోనే తెలిసేది.

సంస్థ తనంతట తానుగా చెప్పవలసి ఉండీ చెప్పనిది ఇంకొకటి ఉంది. మా జనరేటర్, ప్యానెల్ రెండూ సెల్లారులోనే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్న సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరిచిపోలేదు. జనరేటర్‌ను పైకి చేర్చినంత మాత్రాన సరిపోదు కూడా: 2012లో శాండీ తుపాను సమయంలో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి జనరేటర్లు 13వ అంతస్తులో క్షేమంగా ఉన్నా, ఇంధనం పంపే పంపులు బేస్‌మెంటులో మునిగిపోవడంతో డీజిల్‌ను మెట్ల మీదుగా మనుషులు మోయవలసి వచ్చింది. ట్యాంకు, ఛార్జరు, ప్యానెల్ ఏ ఎత్తులో ఉండాలో పరిశీలించి రాతపూర్వకంగా ఇవ్వమని అడిగాం. ఆ నివేదిక ఇంకా రాలేదు.

ఐదుకు నా లెక్క: మరమ్మతు పనికి నాలుగు, పిలిస్తే వచ్చే తీరుకు నాలుగు, పాత నెలవారీ పరీక్షకు ఒకటి. కొత్త పద్ధతికి మూడున్నర ఇస్తాను. సెల్లారు నివేదిక చేతికి వచ్చాక ఆ అంకెను సవరిస్తాను.