కందిపప్పు ఇంకో అరకిలో, షావుకారు గారూ

రెండేళ్ల కిందట మోకాలు పట్టేసినప్పటి నుంచి మా ఇంటి సరుకులన్నీ ఫోన్లోనే. ఒడిశాలో మా బరంపురం గేట్ బజారు దాకా నడిచి, సంచీలు మోసుకుని రెండో అంతస్తు ఎక్కడం ఇక నా వల్ల కాలేదు. మా అబ్బాయి ఓ పెద్ద కంపెనీ యాప్ వేసి ఇచ్చాడు. సరుకు విషయంలో దాన్ని అనడానికేం లేదు, వంకాయలు తప్ప. వంకాయలు మాత్రం చేత్తో పట్టుకుని చూసి కొనాల్సిందే. నేను రాస్తున్నది బిల్లు కట్టేముందు ఆ యాప్‌లో వచ్చే దానం మీట గురించి. దానికి నేనిచ్చేది 5కి 2 స్టార్లు.

మొదట ఆ టిక్కు సంగతి. డెలివరీ ఖర్చు, ప్యాకింగ్ ఖర్చు, వాటి కింద చిన్న అక్షరాల్లో ఆకలి తీర్చడానికి 10 రూపాయలు అని ఉండేది. టిక్కు నేను పెట్టలేదు, అదే పెట్టుకుని వచ్చేది. నాలుగు నెలలు నేను గమనించనే లేదు. గమనించిన రోజు పాత బిల్లులన్నీ తీసి లెక్కేశాను. 17 ఆర్డర్లు, 170 రూపాయలు. డబ్బు పోయిందని కాదు నా బాధ. ధర్మం చేసినట్టు చేసినవాళ్లకే తెలియకపోతే అదేం ధర్మం? సరే, తీసేద్దామని నొక్కితే ‘వద్దు, నేను సాయం చేయను’ అని ఇంకో మీట. హోంవర్కు చేయని పిల్లని క్లాసులో నిలబెట్టినట్టనిపించింది. ఇరవై ఆరేళ్లుగా పిల్లల్ని నిలబెడుతున్నదాన్ని, నన్నే నిలబెట్టారు.

ఇలా చేయకూడదని తర్వాత తెలిసింది. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో ‘డార్క్ ప్యాటర్న్స్’ (ఆన్‌లైన్లో కొనేవాళ్లని బోల్తా కొట్టించే ఎత్తులు) మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాల మాయలు చెప్పారు. కొనేవాళ్లు ఒప్పుకోకుండా బిల్లులో వస్తువు గానీ, సేవ గానీ, ధర్మం పేరు చెప్పి డబ్బు గానీ చేర్చడం వాటిలో ఒకటి. వద్దన్నవాళ్లు సిగ్గుపడేలా మాటలు రాయడం ఇంకొకటి. రెండూ నా ఫోన్లోనే ఉన్నాయి! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి చేద్దామనుకుని, ముందు యాప్ వాళ్లకే ఓ ఫిర్యాదు రాశాను. రెండు వారాలకి టిక్కు పోయింది. నా వల్లే పోయిందని చెప్పుకోను గానీ, పోయింది. ఒక స్టార్ అందుకే.

ఆ తర్వాత అదే చోట ‘కుటుంబ కిట్’ అని పెట్టారు. 349 రూపాయలు. బియ్యం 2 కిలోలు, గోధుమపిండి కిలో, పప్పు అరకిలో, పంచదార, టీ పొడి. ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. దసరా నెలలో ఒకటి కొన్నాను. మెయిల్లో రసీదు వెంటనే వచ్చింది, రెండో స్టార్ ఆ రసీదుకి. రసీదు చదివితే ఏముంది, నా కిట్ వెళ్లింది వెయ్యి కిలోమీటర్ల పైన ఉన్న ఇంకో ఊరికి. అక్కడివాళ్లకి ఆకలి ఉండదని కాదు. కానీ మా ఇంటికి సామాను తెచ్చే స్కూటరు రోజూ మా మెడికల్ కాలేజీ ఆసుపత్రి ముందు నుంచే వస్తుంది. అక్కడ ఆపే వీలు మాత్రం యాప్‌లో లేదు.

ఆ ఆసుపత్రి గురించి కొంచెం చెప్పాలి. గజపతి, రాయగడ, కంధమాళ్, ఇటు గంజాం పల్లెలు, అందరికీ పెద్దాసుపత్రి అదే. రోగి ఒకరైతే వెంట ఇద్దరు ముగ్గురు వస్తారు. ఒడిశా ప్రభుత్వం నడిపే ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకి అన్నం, దాల్మా (కూరగాయలు వేసి వండే పప్పు) 2015 నుంచి పెడుతున్నారు, మధ్యాహ్నం పూట అది చాలా పెద్ద ఆసరా. చిక్కల్లా రాత్రి పూట. ఆసుపత్రి దారిలో మా వీధి కుర్రాళ్లు కొందరు కలిసి ఓ చిన్న గది అద్దెకి తీసుకున్నారు. రెండు పొయ్యిలు, నాలుగు పెద్ద గిన్నెలు, ఒక ఇనప ర్యాకు. బోర్డు లేదు. మేం ‘పప్పు గది’ అంటాం. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది.

పప్పు గది అని ఎందుకంటారో అక్కడ పది నిమిషాలు కూర్చుంటే తెలుస్తుంది. ఆ వేళకి వచ్చే మనిషి చేతిలో తువ్వాలు మూట ఉంటుంది. విప్పితే బియ్యం. రేషన్ బియ్యమే. 2023 జనవరి నుంచి కార్డున్నవాళ్లకి మనిషికి నెలకి 5 కిలోలు ఉచితం కదా, ఆసుపత్రికి బయల్దేరేటప్పుడు ఇంట్లో ఉన్నది అదే కాబట్టి అదే కట్టుకొస్తారు. లేనిది పప్పు, నూనె, ఉప్పు. వార్డులో రోగి పక్కనుంచి కదల్లేనివాళ్లకైతే పొయ్యితో పనిలేనివి కావాలి. చుడా (మన అటుకులే), బెల్లం, బిస్కెట్లు. ఒకసారి ఎవరో పుణ్యాత్ములు 10 కిలోల గోధుమపిండి పంపారు. రొట్టెలు చేయడానికి చపాతీ పీట లేదు, తినేవాళ్లకి అలవాటూ లేదు. పురుగు పట్టేదాకా ర్యాకు అడుగున ఉండిపోయింది. 349 రూపాయల కిట్‌లో కూడా పప్పు అరకిలోనే అన్న సంగతి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

మా తమ్ముడు వాళ్లు ఇంగ్లండులో లెస్టర్‌లో ఉంటారు. మా మరదలికి ఇదంతా చెబితే, “మాకిక్కడ అలవాటే వదినా” అంది. టెస్కో లాంటి పెద్ద కొట్లలో బిల్లు కట్టాక, బయటికి వచ్చే దారిలో ఫుడ్ బ్యాంకు డబ్బా ఉంటుందట. ఓ డబ్బా బీన్సో, పాల ప్యాకెట్టో ఎక్కువ కొని అందులో వేసి వచ్చేస్తారు. ట్రస్సెల్ అనే సంస్థ కింద ఉన్న ఫుడ్ బ్యాంకులైతే వచ్చినవాటిని తేదీల వారీగా సర్దుకుని, డాక్టరో స్కూలో ఇచ్చిన చీటీ తెచ్చిన కుటుంబానికి కనీసం మూడు రోజుల తిండి ఇస్తాయి. “కానీ చిన్నోడు పుట్టాక నేనూ ఆన్‌లైన్లోనే కొంటున్నా. ఆ డబ్బా కంటబడి ఎన్నాళ్లయిందో” అంది. డబ్బా కంటబడితేనే గదా చెయ్యి సంచీలోకి వెళ్లేది.

సరే, నేనే ఒక ప్రయత్నం చేశాను. డెలివరీ అడ్రసులో పప్పు గది పెట్టి, కందిపప్పు 2 కిలోలు, నూనె రెండు లీటర్లు, మామూలుగా ఆర్డరు చేశాను. యాప్‌లో నేను అడిగిన సమయం: రాత్రి ఏడు. సరుకు వచ్చిన సమయం: మధ్యాహ్నం రెండు. ఎనిమిదో తరగతికి భిన్నాలు చెబుతుంటే ఫోను. “మాఉసీ, తాలా పడిఛి!” తాళం వేసి ఉంది పిన్నీ అంటున్నాడు పాపం ఆ ఎండలో నిలబడి. ఓటీపీ నా ఫోనుకి వచ్చింది, సరుకు పుచ్చుకునే మనిషి అక్కడ లేడు. పక్కన టీ బండి అతనికి ఇవ్వమని బతిమాలి ఓటీపీ చెప్పాను. ఈలోగా పిల్లలు భిన్నాలు మర్చిపోయారు. రెండోసారి ఆ టెన్షన్ నాకొద్దు.

ఇప్పుడు మా వీధి చివర షావుకారు గారి కొట్టు. దీనికి 4 స్టార్లు.

ఈయనకి యాప్ లేదు, వాట్సాప్ ఉంది. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా, కాగితం మీద రాసి ఫోటో పెట్టినా సరుకు కట్టి పంపిస్తారు. పప్పు గది సంగతి నేనే వెళ్లి చెప్పాను. ఆయన పెద్దగా ఏమీ మాట్లాడలేదు, గల్లాపెట్టె కింద ఓ ఖాళీ గోనెసంచి పెట్టారు. ఇప్పుడు నా లిస్టు చివర ‘కందిపప్పు ఇంకో అరకిలో, సంచిలోకి’ అని రాస్తాను. ఇంటికి వచ్చే సరుకుతో పాటు బిల్లు వస్తుంది, అందులో ఆ అరకిలో విడిగా రాసి, పక్కన ‘సం’ అని గుండ్రంగా చుట్టి ఉంటుంది. సాయంత్రం గది తెరిచే కుర్రాడు కొట్టు ముందు నుంచే వెళ్తాడు, సంచి పట్టుకుపోతాడు. తిరిగొచ్చేటప్పుడు మర్నాటికి ఏం కావాలో చీటీ ఇస్తాడు. ఆ చీటీని షావుకారు గారు ఫోటో తీసి తన స్టేటస్‌లో పెడతారు. ‘హరడ డాలి (కందిపప్పు) చాలు, నూనె లేదు.’ ‘ఉప్పు వద్దు, సబ్బులు కావాలి.’ నేను లిస్టు రాసేముందు ఆ స్టేటస్ చూస్తాను. యాప్ వాళ్లు పెద్ద పెద్ద ఇంజనీర్లని పెట్టుకుని చేయనిది ఇదొక్కటే.

ఒక స్టార్ ఎందుకు కోశానంటే, తేదీ దగ్గరపడిన బిస్కెట్లు ఓసారి సంచిలోకి వేశారు. మా మొహమాటం మా దగ్గరే ఉంచుకోకుండా అడిగేశాను. “ఊరికే ఇచ్చేవి కదమ్మా” అన్నారు. నేను డబ్బు కట్టాను కదా అన్నాను. ఆ రోజు నుంచి సంచిలో వేసే ప్యాకెట్ల మీద తేదీ నాకు వినబడేలా చదువుతున్నారు, కొంచెం కోపంగానే. ధర కూడా యాప్ కన్నా కిలోకి నాలుగైదు రూపాయలు ఎక్కువ ఉంటుంది, డెలివరీ ఖర్చు లేదు కాబట్టి దాదాపు సరిపోతుంది. రసీదు అడిగితే తెల్లకాగితం మీద రాసిస్తారు, పన్ను మినహాయింపు కావాలనుకునేవాళ్లకి పనికిరాదు.

కొట్టు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మూసి ఉంటుంది. సంచిలోకి వేయాల్సింది ఐదులోపు చెప్పాలి. ఆ తర్వాత చెబితే మర్నాటి సంచికే.